బ్రెటన్ లేసు: క్రోషే సూదితో ‘పికో’ గులాబీ అల్లడం ఎలా?

1902లో ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ తీరానికి సార్డీన్ చేపలు రాలేదు. చేపలు లేకపోతే పడవలకు పని లేదు, వాటిని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలకూ పని లేదు. ఆ ఫ్యాక్టరీల్లో కూలి చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. పోన్-లాబే పట్టణం చుట్టూ ఉన్న బిగూడెన్ ప్రాంతంలో ఇంటింటా పొయ్యి ఆరిపోయే పరిస్థితి వచ్చినప్పుడు కొందరు దాతలు, క్రైస్తవ సన్యాసినులు కలిసి అక్కడి స్త్రీలకు కొక్కెం సూదితో దారాన్ని ఉచ్చులుగా లాగి అల్లే ఐర్లండ్ క్రోషే లేసు నేర్పించారు. ఐర్లండ్‌లో అది విస్తరించింది కూడా 1840ల బంగాళాదుంప కరువులోనే. రెండు చోట్లా ఆకలి తరుముకొస్తే పట్టుకున్న సూది ఇది. లేసు చుట్టూ మొలకల్లా కనిపించే చిన్న ముడిని ‘పికో’ అంటారు. బిగూడెన్‌లో ఆ పేరే మొత్తం పనికి స్థిరపడింది.

ఫొటోల్లో బిగూడెన్ స్త్రీల తల మీద గొట్టంలా నిలబడే తెల్లని టోపీ చూసి అదే ఈ లేసు అనుకునేవారు ఉన్నారు. గంజి పెట్టి నిలబెట్టే ఆ టోపీ సన్నని వల గుడ్డ మీద చేసిన ఎంబ్రాయిడరీ. మనం అల్లబోయేది మెడపట్టీలకు, చేతిపట్టీలకు, టేబుల్ గుడ్డలకు వాడే పూల లేసు. నరసాపురం లేసు చూసి పెరిగినవారికి సూది, దారం కొత్త కావు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లేసు కూడా క్రోషేనే.

కావలసినవి

మెరుపున్న గట్టి నూలు క్రోషే దారం. పాతకాలం పనికి 60వ నంబరు, ఇంకా సన్నవి కూడా వాడారు. మొదటిసారి మాత్రం 20వ నంబరు దారం, 1.25 మి.మీ. సూది తీసుకోండి. సన్న దారంతో మొదలుపెడితే తప్పు ఎక్కడ జరిగిందో కంటికే ఆనదు. ఒక పెన్సిలు, గట్టి కాగితం, ముదురు రంగు పాత గుడ్డ, తుప్పు పట్టని గుండుసూదులు ఉంటే చాలు.

కింద చెప్పే కుట్ల పేర్లు అమెరికన్ పద్ధతివి. చైన్ అంటే గొలుసులా సాగే ఉచ్చు, సింగిల్ పొట్టి కుట్టు, హాఫ్ డబుల్ దానికన్నా కాస్త పొడవు, డబుల్ ఇంకా పొడవు. బ్రిటిష్ పుస్తకాల్లో సింగిల్‌ను డబుల్ అని, డబుల్‌ను ట్రెబుల్ అని రాస్తారు. రెండూ కలిపి చదివితే పువ్వు కాస్తా గోబీపువ్వు అవుతుంది.

గులాబీ

పెన్సిలుకు దారం 12 చుట్లు చుట్టండి. చుట్టలు విడిపోకుండా జాగ్రత్తగా జార్చి, ఆ రింగు మీద 18 సింగిల్ కుట్లు నిండుగా వేసి కలపండి. పువ్వు నడిమి బొడిపె ఉబ్బుగా కనిపించేది ఈ చుట్టల వల్లే. చైన్లతో వేసిన మామూలు రింగులో ఆ ఉబ్బు రాదు.

తరువాత 5 చైన్లు వేసి, రెండు కుట్లు వదిలి మూడో కుట్టులో సింగిల్ వేయండి. ఇలా ఆరుసార్లు చేస్తే ఆరు ఉచ్చులు వస్తాయి. ఒక్కో ఉచ్చులో ఒక సింగిల్, ఒక హాఫ్ డబుల్, 5 డబుల్, ఒక హాఫ్ డబుల్, ఒక సింగిల్ వేస్తే ఒక రేకు అవుతుంది.

చాలామంది తడబడేది రెండో పొర దగ్గర. రేకులను మీ వైపు మడిచి, వెనుక నుంచి అల్లాలి. రెండు రేకుల మధ్య, ఉచ్చును రింగుకు పట్టి ఉంచిన సింగిల్ కాడ ఉంటుంది. 6 చైన్లు వేసి, ఆ కాడ చుట్టూ సూది తిప్పి సింగిల్ వేయండి. ముందువైపు నుంచి చూస్తే ఈ ఉచ్చులు అసలు కనిపించకూడదు. వీటిలో వేసే రేకుల్లో డబుల్ కుట్లు ఏడు. మూడో పొరకు 7 చైన్లు, తొమ్మిది డబుల్ కుట్లు. నా మొదటి గులాబీ బోర్లించిన గిన్నెలా ముడుచుకుంది. రేకుల్లో తప్పేమీ లేదు, వెనుక చైన్లను మరీ బిగించి లాగాను.

పికో, వల

పికో వేయడం తేలిక: 3 చైన్లు వేసి, వాటిలో మొదటి చైనులోకే సూది గుచ్చి దారం లాగేయాలి. ఆవగింజంత మొలక నిలుస్తుంది.

పూలు ఎవరైనా లెక్కపెట్టి అల్లగలరు. పనితనం తెలిసేది వాటిని కలిపే వలలోనే. కాగితం మీద కావలసిన ఆకారం గీసి, గుడ్డను దాని మీద పరచండి. పూలను బోర్లా పెట్టి, మూడు పొరలూ కలిపి కచ్చా కుట్లు వేయండి. ఒక రేకు అంచు నుంచి మొదలుపెట్టి 2 చైన్లు, ఒక పికో, 3 చైన్లు, ఒక పికో, 2 చైన్లు వేసి ఎదుటి రేకుకు తగిలించండి. ఖాళీ పెద్దదైతే చైన్లు పెంచండి, మూలల్లో తగ్గించండి. ఈ పనికి లెక్క రాసిచ్చినవాళ్ల మాట నమ్మవద్దు, ప్రతి సందూ వేరు. దారం వేలాడకూడదు, రేకును లాగి వంచకూడదు. వల నిండాక చుట్టూ ఒక వరుస సింగిల్ కుట్లు వేసి, మధ్యమధ్య పికోలు పెట్టండి.

విడదీసేటప్పుడు లేసు వైపు కత్తెర రానివ్వకండి. కాగితాన్ని కొద్దిగా ఎత్తి, గుడ్డకూ కాగితానికీ మధ్య కనిపించే కచ్చా కుట్లనే తెంపండి.

గంజి

సబ్బు నీటిలో పిండకుండా ఉతికి, పలుచని బియ్యపు గంజిని వడగట్టి అందులో ముంచండి. తువ్వాలు మీద పరిచి అంచులు గుండుసూదులతో సరిచేయండి. తడి ఆరకముందే రేకులను పొర పొరగా వేలికొసతో పైకి లేపండి. ఇస్త్రీ చేయాల్సి వస్తే మందపాటి తువ్వాలు మీద బోర్లా పెట్టి చేయాలి, లేకపోతే ఉబ్బు అంతా చదునైపోతుంది. నెలల తరబడి దాచేటప్పుడు గంజిని కడిగేయండి. గంజి వాసనకు బొద్దింకలు చేరి దారం కూడా కొరికేస్తాయి.