రాగి అన్వేషణ బ్లాకును వేలానికి ప్రతిపాదించే విధానం

వరంగల్, ములుగు, మంచిర్యాల ప్రాంతాల్లో రాగి కోసం అన్వేషణ చేయాలనుకునేవారు మైనింగ్ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) కార్యాలయంలో అర్జీ ఇచ్చి లైసెన్స్ కోసం ఎదురుచూస్తే అది రాదు. ముందు అడిగినవారికి ముందు ఇచ్చే పద్ధతి 2015 జనవరి 12తో ముగిసింది. ప్రత్యేక హక్కేమీ లేకుండా ప్రాథమిక సర్వేకు ఇచ్చే పర్మిట్ కూడా 2021 గనుల చట్ట సవరణతో రద్దయింది. ఇంటర్నెట్‌లో దొరికే పాత ఫారాలు నింపి సమయం పోగొట్టుకోవద్దు. ఇప్పుడు మీరు అడగగలిగింది వేరు: ఫలానా ప్రాంతంలో రాగి ఉండే అవకాశం ఉంది, దాన్ని వేలానికి పెట్టండి అని ఆధారాలతో ప్రతిపాదించడం.

ఈ ప్రతిపాదన ఢిల్లీకి కాదు, హైదరాబాద్‌లోని రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ డైరెక్టరేట్‌కు వెళ్లాలి. కేంద్రం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో రాగి ఉన్నా, కేంద్రమే వేలం వేసే ఖనిజాల జాబితాలో లేదు. కోబాల్ట్ మాత్రం ఆ జాబితాలో ఉంది. ఆఫ్రికాలో రాగితో పాటు కోబాల్ట్ దొరుకుతుంది కదా అని, నమూనా ఫలితం ఒక్కటీ లేకుండా బ్లాకు పేరులో దాన్ని చేర్చేవారుంటారు. దానివల్ల ఫైలు ఎవరి పరిధిలోకి వస్తుందన్న ప్రశ్న తప్ప ఒరిగేదేమీ ఉండదు.

భారత పౌరులు, కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు, భాగస్వాములందరూ భారతీయులైన సంస్థలు ఖనిజ హక్కులకు అర్హులు. పొలంలో పచ్చని మరకలున్న రాయి దొరికిందని అడిగే రైతులకు ఒక మాట: పట్టా భూమి అయినా రాగి తవ్వే హక్కు పట్టాతో రాదు. అదీ వేలం ద్వారానే.

ఏ లైసెన్స్ కింద ప్రతిపాదిస్తున్నారో ముందే తేల్చుకోండి. కాంపోజిట్ లైసెన్స్ అంటే అన్వేషణ, ఫలిస్తే ఆపైన గని లీజు. 2023లో వచ్చిన అన్వేషణ లైసెన్స్ వేరు. ఒక లైసెన్స్ కింద 1,000 చదరపు కిలోమీటర్ల వరకు, 5 ఏళ్ల గడువుతో ఇస్తారు. గడువును మరో 2 ఏళ్లు పొడిగించుకోవచ్చు. మూడేళ్లు గడిచాక మొదటి విస్తీర్ణంలో 25 శాతానికి మించి ఉంచుకోలేరు. పని ముగిశాక మూడు నెలల్లో నివేదిక ఇవ్వాలి. గని తవ్వే హక్కు మీకు రాదు, లీజు వేలంలో గెలిచినవారు ప్రభుత్వానికి కట్టే ప్రీమియంలో వాటా వస్తుంది. అందుకే ఈ వేలం తలకిందులుగా నడుస్తుంది: తక్కువ వాటా చాలన్నవారే గెలుస్తారు. గని నడిపే పెట్టుబడి లేని భూగర్భ నిపుణుల బృందానికి నా దృష్టిలో ఇదే తగినది.

ప్రతిపాదనకు ప్రాణం శిలల హద్దు

ఫారం కంటే ముఖ్యమైనది దానికి జతచేసే భూగర్భ నివేదిక. అవక్షేప శిలల్లో రాగి చేరే తీరు తెలియకుండా రాస్తే అది పచ్చరాళ్ల వర్ణనగా మిగులుతుంది. ఎర్రని ఇసుకరాతి పొరల్లో కదిలే ఉప్పునీరు రాగిని కరిగించుకుంటుంది. ఆ నీరు సేంద్రియ పదార్థం, పైరైట్ (ఇనుప సల్ఫైడు) ఉన్న నల్లని షేల్‌నో (బంకమట్టి గట్టిపడిన పలకరాయి) డోలమైట్‌నో తాకినచోట రాగి సల్ఫైడుగా మారి నిలిచిపోతుంది. జాంబియా, కాంగోల రాగి పట్టీ, పోలండ్, జర్మనీల కుప్ఫెర్‌షీఫర్ ఇలా ఏర్పడినవే. కుప్ఫెర్‌షీఫర్ పొర మందం చాలాచోట్ల మీటరు కూడా ఉండదు, విస్తీర్ణం మాత్రం దేశాల సరిహద్దులు దాటుతుంది. ఎర్ర పొర నుంచి దూరం జరిగేకొద్దీ చాల్కోసైట్, బోర్నైట్, చాల్కోపైరైట్ అనే రాగి ఖనిజాలు, ఆ తర్వాత సీసం, జింకు, చివరికి పైరైట్ అన్న వరుస కనిపిస్తుంది. ఈ వరుసలో మీ నమూనా ఎక్కడ నిలుస్తుందో చెప్పగలిగితే ఆ పేరా ఒక్కటే మిగతా నివేదికంత బరువు తూగుతుంది.

మన వైపు గోదావరి లోయలో పాఖాల శిలలున్నాయి. కాకతీయుల కాలపు చెరువు పేరే ఈ శిలలకు పెట్టారు. 1881లో భారత భూవిజ్ఞాన సర్వేకు చెందిన విలియం కింగ్ ఈ లోయ మీద రాసిన నివేదిక ఇప్పటికీ చదవదగినదే. గ్రానైట్ నైస్ మీద బోలపల్లి ఇసుకరాళ్లు, గులకరాతి పొరలు, వాటిపైన పండికుంట సున్నపురాయి, షేల్ పొరలు. ఇంకా పైన ఎర్రని సుల్లవాయి ఇసుకరాయి. ఎక్కడ ఎర్ర పొర ముగిసి బూడిదరంగు పొర మొదలవుతుందో, ఏ భ్రంశం (శిలలు విరిగి జరిగిన పగులు) దాన్ని కోస్తుందో పటంలో గీయండి. ఖమ్మం వైపున్న మైలారం రాగిని పొరుగు ఉదాహరణగా చూపేవారు గుర్తుంచుకోవాలి: అది రూపాంతర శిలల్లోది, కోవ వేరు.

సమాచారం కోసం తవ్వాల్సిన పని లేదు, లైసెన్స్ లేకుండా తవ్వకూడదు కూడా. 2023 డిసెంబరులో ప్రారంభమైన జాతీయ భూవిజ్ఞాన సమాచార భాండాగారం పోర్టల్‌లో నమోదు చేసుకుంటే భారత భూవిజ్ఞాన సర్వే పటాలు అందుబాటులోకి వస్తాయి. 1:50,000 పటాల్లో నర్సంపేట 56 ఓ/13 నంబరు షీటులో, ములుగు 56 ఎన్/16లో పడతాయి. వాగు మట్టి నమూనాల రసాయన ఫలితాలు 2 కిలోమీటర్ల గడులవారీగా ఉంటాయి. ఒక గడిలో రాగి ఎక్కువగా కనిపిస్తే దాని చుట్టుపక్కల గడులతో పాటు చూపండి. గురుత్వ, అయస్కాంత పటాలు షేల్ కింద దాగిన భ్రంశాలను పట్టిస్తాయి.

హద్దులు, భూమి స్వభావం

బ్లాకు మూలల అక్షాంశ, రేఖాంశాలు రాయండి. ఇప్పటికే ఉన్న లీజులతో కలవకుండా చూసుకోండి. అటవీ, రెవెన్యూ, పట్టా భూములు ఎంతెంతో పట్టికగా ఇవ్వండి. పాఖాల, ఏటూరునాగారం అభయారణ్యాలు, కవ్వాల్ పులుల అభయారణ్యం దగ్గర ఆశపడి గీత లోపలికి జరిపితే ఫైలు అక్కడే ఆగుతుంది.

అంతకంటే పెద్ద గీత షెడ్యూల్డ్ ప్రాంతం. తాడ్వాయి, కొత్తగూడ, గూడూరు వైపు మంచి శిలలే ఉన్నా 1970లో కట్టుదిట్టం చేసిన భూబదలాయింపు నిబంధన, 1997 నాటి సుప్రీంకోర్టు సమత తీర్పు ప్రకారం అక్కడ గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజులు చెల్లవు. గిరిజనుల హక్కును కాపాడే నియమం ఇది, చుట్టుదారి వెతకాల్సిన అడ్డంకి కాదు. బ్లాకును దానికి బయటే గీయండి.

దాఖలు చేశాక రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కమిటీ ఖనిజ అవకాశాన్ని పరిశీలించి సిఫార్సు చేస్తుంది. బ్లాకు వేలానికి వస్తే ఎవరైనా పాల్గొనవచ్చు, ప్రతిపాదించినంత మాత్రాన అది మీదైపోదు. అయితే కాంపోజిట్ లైసెన్స్ బ్లాకును ప్రతిపాదించినవారు బిడ్ సెక్యూరిటీలో (వేలంలో పాల్గొనడానికి కట్టే హామీ సొమ్ము) సగమే కడితే చాలు. అది కోరాలంటే ప్రతిపాదన మీదేనని చూపాలి. కాబట్టి తేదీతో కూడిన రసీదు, సమర్పించిన పటం ప్రతి వేలం ముగిసేదాకా దగ్గర ఉంచుకోండి.