పదో తరగతి పరీక్షకు బయలుదేరే ముందు

సెంటర్‌ను ఒకరోజు ముందే చూసి రండి. హన్మకొండ, వరంగల్, కాజీపేట కలిసిపోయి ఒకే ఊరిలా ఉంటాయి, అందుకే హాల్ టికెట్ మీద బడి పేరుతో పాటు వీధి పేరు కూడా చదవండి. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు మామూలుగా ఎక్కే బస్సు కన్నా ఒక బస్సు ముందే ఎక్కండి.

హాల్ టికెట్, రెండు మూడు పెన్నులు, స్కేలు, ప్యాడ్, నీళ్ల సీసా రాత్రే సర్దుకోండి. ఫోన్ ఇంట్లోనే.

అన్నిటికన్నా నిద్ర ముఖ్యం. రాత్రంతా మేలుకొని కొత్త పాఠం పట్టుకోవద్దు. చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. కంటినిండా నిద్రపోయిన పిల్లలకు తెలిసిన జవాబు తడుముకోకుండా గుర్తొస్తుంది. పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లకండి, ఇడ్లీ అయినా పెరుగన్నం అయినా సరే.

పేపర్ చూడగానే గుండె దడదడలాడితే పెన్ను కింద పెట్టండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఇలా ఐదుసార్లు చేసి, బాగా వచ్చిన ప్రశ్నతో మొదలుపెట్టండి.

అమ్మానాన్నలకు ఒక మాట: బిడ్డ ఇంటికి రాగానే "ఎన్ని మార్కులొస్తయ్?" అని అడగకండి. ముందు అన్నం పెట్టండి. అయిపోయిన పేపర్ గురించి ఆ రోజుకు మాట్లాడొద్దు.

టెన్షన్ మరీ ఎక్కువై నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంట్లో చెప్పండి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. సబ్జెక్టు తప్పినా అదే ఏడాది సప్లిమెంటరీ రాయొచ్చు.