రోజూ నడిపే స్పోర్ట్స్ కారుకు సస్పెన్షన్ ఎంచుకోవడం: బెంగళూరు రోడ్ల లెక్కలో

కొత్త సస్పెన్షన్ అనగానే చాలామంది ముందుగా అడిగేది కారు ఎంత కిందికి దిగుతుందని. మారతహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి రోజూ ఆఫీసుకు వెళ్ళి, శని ఆదివారాల్లో మదనపల్లె మీదుగా హార్స్‌లీ హిల్స్ ఎక్కే కారుకు అంతకంటే ముఖ్యమైన లెక్క ఒకటుంది. గుంతలో పడ్డాక చక్రం పైకి లేవడానికి ఎంత చోటు మిగిలింది? దీన్నే బంప్ ట్రావెల్ అంటారు. అది అయిపోతే ఎంత ఖరీదైన షాకరైనా చేయగలిగింది లేదు.

డబ్బు పెట్టేముందు ఉన్నవాటి సంగతి చూడండి. షాకర్ ఒంటి మీద నూనె తడి ఉందా, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి) బుష్‌లు, అంటే దాని కొసల్లోని రబ్బరు తొడుగులు, పగిలాయా, బాల్ జాయింట్ ఆడుతోందా, హంపు (స్పీడ్ బ్రేకర్) దిగేటప్పుడు కటకటమంటోందా? ఆ చప్పుడు చాలాసార్లు లింక్ రాడ్‌దో, షాకర్ పై కొసను కారు బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంటింగ్‌దో అయి ఉంటుంది. వదులైన బుష్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే స్టీరింగ్ ఇంకా తికమకగా తయారవుతుంది. టైర్లు గట్టిపడి ఉంటే ముందు వాటినే మార్చండి. 18 అంగుళాల చక్రాలున్నవాళ్ళు 17కు దిగడం గురించి కూడా ఆలోచించవచ్చు, లోపల బ్రేకులకు చోటుంటేనే. 225/40 ఆర్18 టైరు పక్కగోడ 90 మి.మీ., 225/45 ఆర్17 ది 101 మి.మీ. గుంతల్లో రిమ్ము వంకరపోకుండా కాపాడేది ఆ 11 మి.మీ.లే.

ఇక ట్రావెల్ కొలత. ముందు షాకర్ రాడ్ మీదున్న రబ్బరు తొడుగును పైకి జరిపి కట్టేయండి. రాడ్ చుట్టూ సన్నని కేబుల్ టై బిగించి, షాకర్ ఒంటికి ఆనేదాకా కిందికి తోయండి. మామూలుగా ఎంతమంది ఎక్కుతారో అంతమందితో, మామూలుగా తిరిగే దారిలోనే ఒక రోజు నడపండి. చక్రం లేచినప్పుడల్లా షాకర్ ఒళ్ళు ఆ టైని పైకి నెడుతుంది. టై ఆగిన చోటు మీరు వాడుకున్న గరిష్ఠ ట్రావెల్. జాకీ ఎత్తి, టైకి, బంప్ స్టాప్ (రాడ్ పై కొసన ఉండే మెత్తని దిమ్మె) అడుగు అంచుకి మధ్య దూరం కొలవండి. అక్కడ 20 మి.మీ. మాత్రమే మిగిలి ఉంటే, కారును 30 మి.మీ. దించిన రోజు నుంచీ అదే గుంత మిమ్మల్ని బంప్ స్టాప్ మీదికి తోస్తుంది. నురుగు రకం బంప్ స్టాప్ కొద్దిగా నొక్కుకుంటే తప్పులేదు, దాన్ని అందుకోసమే చేస్తారు. పూర్తిగా అణిగిపోతే మాత్రం స్ప్రింగ్ గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగినట్టవుతుంది. వంపు మధ్యలో అది జరిగితే టైరు పట్టు వదిలేస్తుంది.

కింద తగలడం వేరే లెక్క. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి హంపు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెం.మీ. ఎత్తు ఉండాలి. అలాంటిదాన్ని తక్కువ ఎత్తున్న కారు కూడా నెమ్మదిగా దాటేస్తుంది, ఎందుకంటే చక్రాలూ హంపు మీదే ఉంటాయి. లేఅవుట్ల లోపల అడుగు వెడల్పుతో కట్టేసిన నిటారు దిబ్బలే కడుపు గీకుతాయి. మీ వీధిలో ఏ రకం ఉందో, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు మొదట్లో బంపర్‌కు ఎంత సందుందో టేపుతో కొలిచి రాసుకోండి. నా మాట అడిగితే బెంగళూరులో 15 నుంచి 20 మి.మీ. దించడమే ఎక్కువ. మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (షాకర్, స్ప్రింగు ఒకే కాలుగా చక్రాన్ని పట్టే అమరిక) ఉన్న కార్లలో ఇంకో నష్టం కూడా ఉంది: బాగా దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేస్తుంది, రోల్ సెంటర్ (కారు ఒరిగేటప్పుడు ఇరుసులా పనిచేసే బిందువు) కారు బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారుతుంది. అప్పుడు దించిన కారు వంపుల్లో ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది.

ఎక్కువమందికి సరిపోయేది అసలు ఎత్తు మార్చకుండా మంచి షాకర్లు వేసుకోవడమే. బిల్‌స్టీన్ కంపెనీ బి6 షాకర్ అలాంటిదే. బి8 దించిన స్ప్రింగుల కోసం పొట్టిగా చేసినది, రెంటినీ కలిపేసుకోవద్దు. దించే స్ప్రింగులు వేసి పాత షాకర్లు ఉంచేస్తే అవి తొందరగా పోతాయి, కారు ఎగిరెగిరి పడుతుంది. స్ప్రింగు చుట్టు కోయించడం మాత్రం వద్దేవద్దు. చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు సీటులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. కాయిలోవర్లే (స్ప్రింగు, షాకర్ ఒకటిగా ఉండి ఎత్తు సర్దుకోగలిగేవి) కావాలంటే, కేడబ్ల్యూ కంపెనీలో వి1 కు ఎత్తు మాత్రమే మారుతుంది, వి2 కు దాంతోపాటు రీబౌండ్ (షాకర్ సాగేటప్పటి అదుపు), వి3 కు రీబౌండ్, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి అదుపు) రెండూ. సర్దడం తెలిసినవాళ్ళు దగ్గర లేకపోతే వి3 కి పెట్టే డబ్బు వృథా.

చవక కాయిలోవర్లలో ముందు స్ప్రింగు 8 కిలోలు/మి.మీ. అని రాసి ఉంటుంది, అంటే ఒక మి.మీ. నొక్కడానికి 8 కిలోల బరువు కావాలి. ఒక మూల మీద స్ప్రింగు మోసే బరువు 360 కిలోలు అనుకుంటే, స్ట్రట్ కారులో ఊగే ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో) 2.2 హెర్ట్జ్ దగ్గరికి వెళుతుంది. అది ట్రాక్ కారుది. రోడ్డుకు 1.4 నుంచి 1.7 మధ్య చాలు, వెనక కొంచెం ఎక్కువగా ఉంటే హంపు దాటాక ముందూ వెనకా కలిసి కుదురుకుంటాయి.

ఒరగడమే మీ బాధైతే స్ప్రింగుల జోలికి పోకుండా యాంటీ రోల్ బార్ (కుడి ఎడమ చక్రాల సస్పెన్షన్‌ను కలిపే ఉక్కు కడ్డీ) మార్చండి. గట్టిదనం కడ్డీ వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, 20 మి.మీ. నుంచి 22 కు వెళితే 46 శాతం పెరిగినట్టు. ఇంజను ముందు చక్రాలను తిప్పే కారుకు వెనక బార్ లావు చేస్తే ముందుభాగం బయటికి జారడం తగ్గుతుంది, కానీ వానలో వెనక తేలికవుతుంది.

బిగించేటప్పుడు స్ట్రట్ మౌంటింగ్, బేరింగ్, బంప్ స్టాప్, రబ్బరు తొడుగు కొత్తవే వేయించండి, మళ్ళీ విప్పే కూలి మిగులుతుంది. జేసీ రోడ్డులో సామాను కొనేవాళ్ళు పార్టు నంబరు రాసుకుని వెళ్ళండి. షాకర్ పై నట్టును ఇంపాక్ట్ గన్నుతో తిప్పనివ్వద్దు, రాడ్ గిర్రున తిరిగి లోపలి సీలు పాడవుతుంది. ఆర్మ్ బుష్ బోల్టులు కారు చక్రాల మీద నిలబడ్డాకే ఫైనల్‌గా బిగించాలి. లిఫ్ట్ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. పని ముందూ తరవాతా హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా నాలుగు మూలలా కొలవండి.

ఎలక్ట్రానిక్ షాకర్లున్న కారులో మామూలువి వేస్తే డ్యాష్‌లో లైటు వెలుగుతుంది, దానికి విడిగా మాడ్యూల్ కావాలి. హెడ్‌లైట్లకు ఎత్తు సెన్సార్ ఉంటే మళ్ళీ సరిచేయించండి. అలైన్‌మెంట్ వెంటనే ఒకసారి, స్ప్రింగులు కూర్చున్నాక 500 కి.మీ.లకు ఇంకోసారి. ముందు క్యాంబర్ (చక్రం వాలు, పైభాగం లోపలికి వాలితే మైనస్) మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీల దాకా ఉన్నా ఫరవాలేదు. టైరు లోపలి అంచును ఎక్కువగా తినేది టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం), దాన్ని సున్నాకు దగ్గరగా పెట్టించండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద తయారీదారు స్పెసిఫికేషన్ మారిస్తే చిక్కులు రావచ్చు, అందుకని ఏం మార్చారో బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి, పాత షాకర్లూ స్ప్రింగులూ పారేయకుండా ఇంట్లో దాచండి.