పాత మ్యూజిక్ స్ట్రీమర్ సౌండ్ ఎలా ఉందో ఇంట్లోనే కొలవడం ఎలా

క్రోమ్‌కాస్ట్ ఆడియో, స్క్వీజ్‌బాక్స్ టచ్, ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లాంటి స్ట్రీమర్లు (నెట్‌వర్క్ మీద వచ్చే పాటల్ని యాంప్లిఫయర్‌కి అందించే చిన్న పెట్టెలు) ఇంకా చాలామంది ఇళ్లలో యాంప్లిఫయర్ పక్కన పనిచేస్తూనే ఉన్నాయి. స్క్వీజ్‌బాక్స్‌ని లాజిటెక్ 2012లోనే ఆపేసింది, ఎయిర్‌పోర్ట్‌ని ఆపిల్ 2018లో, క్రోమ్‌కాస్ట్ ఆడియోని గూగుల్ 2019లో ఆపేశాయి. తయారీ ఆగిపోయినంత మాత్రాన లోపలున్న డాక్ (డిజిటల్ అంకెల్ని ఆడియో సిగ్నల్‌గా మార్చే) చిప్ పాడైపోదు. "పాతదైపోయింది, సౌండ్ తగ్గింది" అనుకుని కొత్తదానికి డబ్బు పెట్టేముందు ఒక్క సాయంత్రం కూర్చుని కొలవండి, ఎందుకంటే చాలాసార్లు లోపం పెట్టెలో కాదు, సెట్టింగ్‌లోనో అడాప్టర్‌లోనో ఉంటుంది.

కావాల్సినవి పెద్దగా ఏమీ లేవు. లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (పాటలు రికార్డ్ చేసుకునే స్నేహితుల దగ్గర ఉంటుంది, అడిగి తెచ్చుకోండి), సరైన కేబుల్, ఒక మల్టీమీటర్, లాప్‌టాప్‌లో ఆడాసిటీ (రికార్డింగ్, ఎడిటింగ్‌కి), రూమ్ ఈక్యూ విజార్డ్ (కొలతలకి). రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. లాప్‌టాప్‌కి ఉండే మైక్ జాక్‌తో మాత్రం ఈ పని చేయకండి, దాని నాయిసే మీ స్ట్రీమర్ నాయిస్ కంటే ఎక్కువ ఉంటుంది.

ముందు ఇంటర్‌ఫేస్‌ని కొలవండి. దాని అవుట్‌పుట్‌ని దాని ఇన్‌పుట్‌కే కలిపి, 1 కిలోహెర్ట్జ్ టోన్ పంపి, డిస్టార్షన్ (సిగ్నల్ ఆకారం చెడటం), నాయిస్ (అదనంగా కలిసే రొద) ఎంతొస్తున్నాయో రాసిపెట్టుకోండి. ఈ పని వదిలేస్తే తక్కెడ చూసుకోకుండా తూకం వేసినట్టే. ఇంటర్‌ఫేసే -95 డీబీ దగ్గర ఆగిపోతుంటే స్ట్రీమర్ అంతకంటే ఎంత బాగున్నా మీకు కనిపించదు. ఇన్‌పుట్‌ని లైన్ మోడ్‌లో, గెయిన్‌ని పూర్తిగా తగ్గించి పెట్టండి. స్ట్రీమర్లు ఫుల్ వాల్యూమ్‌లో 2 వోల్టుల దాకా ఇస్తాయి, గిటార్ మోడ్‌లో పెడితే ఇన్‌పుట్ క్లిప్ అయ్యే (సిగ్నల్ కొనలు తెగిపోయే) అవకాశం ఉంది, అప్పుడు ఆ డిస్టార్షన్ స్ట్రీమర్‌దనుకుంటారు.

ఇక టెస్ట్ ఫైళ్లు. ఆడాసిటీలో 44.1 కిలోహెర్ట్జ్ ప్రాజెక్ట్ తెరిచి, 1000 హెర్ట్జ్ సైన్ టోన్‌ని 0.89 ఆంప్లిట్యూడ్‌తో (అంటే -1 డీబీ, ఫుల్ లెవెల్ కంటే 1 డీబీ తక్కువ) ఐదు నిమిషాలు తయారుచేసి 16 బిట్ ఫ్లాక్ ఫైల్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేయండి. డితర్ (16 బిట్‌కి తగ్గించేటప్పుడు కావాలని కలిపే సన్నటి నాయిస్) సెట్టింగ్ ట్రయాంగిల్‌లో ఉండాలి, షేప్డ్‌లో ఉంటే పై ఫ్రీక్వెన్సీలలో నాయిస్ లేచి కనిపిస్తుంది, అది ఫైల్‌దే గానీ పరికరానిది కాదు. ఇలాగే -10 డీబీ టోన్ ఒకటి, 50 హెర్ట్జ్ టోన్ ఒకటి, ఉత్త నిశ్శబ్దం ఒకటి చేసుకోండి.

ప్లే చేసేముందు వాల్యూమ్ నూటికి నూరు పెట్టండి. యాప్‌లో ఈక్వలైజర్, వాల్యూమ్ నార్మలైజేషన్ ఆపేయండి. క్రోమ్‌కాస్ట్ ఆడియోకి గూగుల్ హోమ్ యాప్‌లో ఫుల్ డైనమిక్ రేంజ్ అనే సెట్టింగ్ ఉంది, హై-ఫైకి కలిపినవాళ్లు దాన్ని ఆన్ చేసుకోవాలి, చాలామంది అది ఉందనే గమనించరు. ఆన్‌లో ఒకసారి, ఆఫ్‌లో ఒకసారి కొలిచి తేడా మీరే చూడండి.

మొదటి రీడింగ్ మల్టీమీటర్‌తో. 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి ఏసీ వోల్టేజ్ చూడండి. చవక మీటర్లు 1 కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి గానీ 50 హెర్ట్జ్ దగ్గర నమ్మొచ్చు. 2 వోల్టుల పరికరంలో -1 డీబీ టోన్‌కి 1.78 వోల్టుల చుట్టుపక్కల రావాలి. బాగా తక్కువ వచ్చిందంటే ఎక్కడో వాల్యూమ్ తగ్గి ఉందని అర్థం. ఎడమ, కుడి రెండూ చూడండి.

తర్వాత రూమ్ ఈక్యూ విజార్డ్‌లో ఆర్‌టీఏ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఉందో చూపే గ్రాఫ్) తెరిచి, ఎఫ్‌ఎఫ్‌టీ (సౌండ్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) పొడవు 65,536, విండో బ్లాక్‌మన్-హ్యారిస్ 7 పెట్టండి. శాంపిళ్ల వేగాన్ని నడిపే క్లాక్ స్ట్రీమర్‌ది వేరు, ఇంటర్‌ఫేస్‌ది వేరు కాబట్టి టోన్ సరిగ్గా 1000 దగ్గర కూర్చోదు, మామూలు విండోతో చూస్తే ఆ శిఖరం అడుగున పక్కలకు పాకినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి జిట్టర్ (క్లాక్ తడబాటు) అనుకుని టెన్షన్ పడక్కర్లేదు. 2000, 3000 హెర్ట్జ్ దగ్గర లేచేవి హార్మోనిక్స్, అంటే డిస్టార్షన్ వల్ల అసలు టోన్‌కి రెట్టింపు, మూడు రెట్ల దగ్గర పుట్టేవి. -80 డీబీ అంటే 0.01 శాతం, -100 అంటే 0.001 శాతం. -80 కంటే కింద ఉంటే ఆ పెట్టెను డిస్టార్షన్ పేరుతో మార్చాల్సిన పని లేదని నా నమ్మకం, స్పీకర్లు అంతకంటే ఎక్కువే కలుపుతాయి. -1 టోన్‌కి చెడ్డగా ఉండి -10 టోన్‌కి ఒక్కసారిగా బాగుపడితే అవుట్‌పుట్ స్టేజ్ చివరి అంచున ఇబ్బంది పడుతోందన్నమాట. అప్పుడు వాల్యూమ్ రెండు మూడు డీబీ తగ్గించి వాడుకోవచ్చు.

గ్రాఫ్ చూసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. 16 బిట్ మొత్తం నాయిస్ సిద్ధాంతం ప్రకారం డితర్ లేకుండా -98 డీబీ, ట్రయాంగిల్ డితర్‌తో -93 చుట్టుపక్కల, కానీ 65,536 ఎఫ్‌ఎఫ్‌టీలో అది వేల ముక్కలుగా విడిపోయి దాదాపు 45 డీబీ కిందికి కనిపిస్తుంది. అందుకే గ్రాఫ్‌లో అడుగున ఉన్న గీతను చూసి "నాయిస్ -140" అని చెప్పకండి, పక్కన వచ్చే నాయిస్ అంకెనే తీసుకోండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నిశ్శబ్దం ఫైల్. అది ప్లే చేసి 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర చూడండి, అక్కడ ముళ్లలా లేస్తే అది కరెంటు హమ్. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద మళ్లీ కొలవండి. తగ్గిపోతే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగల మధ్య తిరిగే కరెంటు), స్ట్రీమర్ తప్పేమీ లేదు. తగ్గకపోతే, మీది విడి అడాప్టర్‌తో నడిచేదైతే, అదే వోల్టుల మంచి అడాప్టర్ మార్చి చూడండి, ఏళ్ల తరబడి వేడెక్కిన అడాప్టర్లలో కెపాసిటర్లు ఎండిపోవడం మామూలే. క్రోమ్‌కాస్ట్ ఆడియో అయితే ఇంకా తేలిక, మైక్రో యూఎస్‌బీతో నడుస్తుంది కాబట్టి పవర్‌బ్యాంక్ పెట్టి కొలిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు మాత్రం కొలవకండి.

ఆప్టికల్ అవుట్‌పుట్ వాడేవాళ్లకి ఈ గొడవంతా లేదు, బిట్లు చెదరకుండా వస్తున్నాయా లేదా చూస్తే చాలు. ఆప్టికల్ ఇన్ ఉన్న ఇంటర్‌ఫేస్‌లో క్లాక్ సోర్స్‌ని ఎస్‌పీడీఐఎఫ్‌కి (డిజిటల్ ఇన్‌పుట్‌కి) మార్చి, 44.1 కిలోహెర్ట్జ్ పాట ఒకటి రికార్డ్ చేసి, ఆడాసిటీలో అసలు ఫైల్ పక్కన పెట్టి, శాంపిల్‌కి శాంపిల్ కలిపి, ఒకదాన్ని ఇన్వర్ట్ (తలకిందులు) చేసి మిక్స్ చేయండి. గీత పూర్తిగా చదునైతే బిట్లు మారలేదు. పాట సన్నగా వినిపిస్తూనే ఉంటే వాల్యూమో, ఈక్వలైజరో, శాంపిల్‌రేట్ మార్పో మధ్యలో చేయి పెట్టింది.

ఇంత చేశాక కూడా కొత్తదాంతో పోల్చి వినాలనిపిస్తే, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర 50 హెర్ట్జ్ టోన్‌తో రెండింటి వోల్టేజ్ సమానం చేసి వినండి. 2.00 వోల్టులకీ 2.02కీ ఉన్న తేడా 0.1 డీబీ లోపే, అంతవరకు తెస్తే చాలు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది. గ్రాఫ్‌లు సేవ్ చేసేటప్పుడు ఫైల్ పేరులో అడాప్టర్, వాల్యూమ్, తేదీ రాసుకోండి, వచ్చే ఏడాది అడాప్టర్ మార్చాల్సి వస్తే పక్కన పెట్టి చూసుకోవడానికి అవే పనికొస్తాయి.