రాతి స్పైరల్ మెట్లు - 3వ పాఠం: ఒకే రాయి, మూడు పనులు

గుండ్రటి గోడ ఎలా లేపాలో పోయిన పాఠంలో చూశాం. అందులో తిరిగే మెట్లను మధ్యయుగపు ఇంగ్లండ్ మేస్త్రీలు 'వైస్' అనేవారు, ఫ్రాన్సులో 'వీస్', అంటే మరమేకు. ఇప్పుడు మెట్టు రాయి సంగతి.

ఇంగ్లండును జయించిన నార్మన్ల కాలంలో (11-12 శతాబ్దాలు) ముందు చెక్క ఆధారం నిలిపి, దానిమీద రాళ్ళూ సున్నంతో మెలితిరిగే కమాను కట్టి, ఆపైన మెట్లు పరిచేవారు. చాలా చాకిరీ. తర్వాత మెట్టు మొత్తాన్నీ ఒకే రాయిలో చెక్కడం వచ్చింది. నాకు ఈ పద్ధతంటే ప్రాణం.

ఆ రాయి సన్నటి కొస గుండ్రంగా ఉంటుంది. అది 'న్యూయెల్' ముక్క. ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే మధ్య స్తంభం దానంతటదే లేస్తుంది, వేరే కట్టక్కర్లేదు. కాలు పెట్టే భాగం 'ట్రెడ్', ఎదుటి నిలువు ముఖం 'రైజర్'. వెడల్పాటి కొస గోడలోకి దూరుతుంది. అడుగు భాగం 'సాఫిట్', కింద నడిచేవాడికి అదే పైకప్పు.

ఇక అట్టముక్క తీసుకోండి. పదోవంతు స్కేలులో 10 సెం.మీ. వ్యాసార్ధంతో ఒక వృత్తం, అదే కేంద్రంతో 1 సెం.మీ. న్యూయెల్ వృత్తం గీయండి. చుట్టుకు 12 మెట్లనుకుంటే ఒక్కోటి 30 డిగ్రీలు; కేంద్రం నుంచి ఆ కోణంలో రెండు గీతలు గీయండి, ఒకటి మెట్టు ముందు అంచు, రెండోది వెనక అంచు. వెనక గీతకు అవతల 4 మి.మీ. అదనంగా వదలండి, పై మెట్టు ముందంచు కూర్చునేది అక్కడే. ఇది మరిచిపోతే మెట్టుకు మెట్టు ఆసరా ఉండదు. కత్తిరిస్తే మీ అచ్చు రెడీ. అప్పటి మేస్త్రీలు ఇలాంటి గీతలు సున్నపు నేలమీద అసలు సైజులో గీసేవారు. ఇంగ్లండులోని యార్క్, వెల్స్ చర్చిల్లో అలాంటి నేలలు ఇప్పటికీ ఉన్నాయి.

అచ్చును తిరగేస్తే మెట్లు రెండో వైపుకి తిరుగుతాయి. శత్రువు కత్తి పట్టిన కుడిచేతికి అడ్డు తగలాలనే కోటల మెట్లను కుడికి తిప్పారని చెబుతుంటారు. ఎడమకు తిరిగేవీ ఉన్నాయి కదా, అందుకే నేను ఆ మాట ఒప్పుకోను.

అసలు టెన్షన్ తలకు తగలడంతోనే. మెట్టు ఎత్తు 20 సెం.మీ. అయితే ఒక చుట్టుకు 240. పైనున్న రాయి మందం 20 తీసేస్తే 220 మిగులుతుంది, హాయిగా నడవచ్చు. సులువుగా ఎక్కొచ్చని ఎత్తు 16 చేస్తే? 192లో 16 పోగా 176. అయిదడుగుల పది అంగుళాల మనిషి తల కొట్టుకుంటాడు. అప్పుడు చుట్టుకు 14 మెట్లు పెట్టాలి: 208 వస్తుంది, కానీ ట్రెడ్ ఇరుకవుతుంది.

అభ్యాసం: కేంద్రం నుంచి 60 సెం.మీ. దూరంలో, 12 మెట్లకూ 14 మెట్లకూ ట్రెడ్ వెడల్పు ఎంతో కొలవండి. 31, 27 సెం.మీ.కు దగ్గరగా రావాలి.