ఫోన్ జీపీఎస్‌తో పొలం కొలవడం: ఏ లెక్కకు పనికొస్తుంది, ఏ తగువుకు పనికిరాదు

పల్లెల్లో ఇప్పుడు ఎకరానికి ఇంత అని డబ్బు చెల్లించే పనులే ఎక్కువ. దుక్కి దున్నించినా, రోటవేటర్ వేయించినా, డ్రోన్‌తో మందు కొట్టించినా, కౌలుకు ఇచ్చినా పుచ్చుకున్నా విస్తీర్ణం మీదే లెక్క తేలుతుంది. పట్టాదారు పాసు పుస్తకంలో ఉన్న రెండెకరాల పది సెంట్లలో కాలువ గట్టుకు, బోరు షెడ్డుకు, బండి బాటకు పోయినది పోగా నిజంగా సాగులో ఉన్నదెంత అన్నది పుస్తకం చెప్పదు గనుక, ఆ లెక్క ఫోన్‌తో తేల్చుకోవడం మంచి పద్ధతే. అయితే అదే ఫోన్ చేతబట్టుకొని, పక్క రైతు గట్టును రెండడుగులు లోపలికి నెట్టాడని రుజువు చేయడానికి బయలుదేరినవారిని కూడా నేను చూశాను. మొదటి పనికి ఫోన్ సరిపోతుంది, రెండవ పనికి సరిపోదు. ఎందుకు సరిపోదో తెలిస్తే మొదటి పనిని కూడా జాగ్రత్తగా చేయగలుగుతాము కాబట్టి, ముందు ఆ సంగతి చూద్దాము.

ఫోన్‌కు చోటు ఎలా తెలుస్తుంది

ఉపగ్రహం పైనుంచి మనల్ని చూసి మన చోటు చెబుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మనం ఉన్నామన్న సంగతే దానికి తెలియదు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ సమయాన్ని, తాము ఉన్న చోటును నిరంతరం ప్రసారం చేస్తూ ఉంటాయి; ఫోన్ రేడియోలాగా వాటిని వింటుంది, అంతే. సంకేతం బయలుదేరిన సమయానికీ చేరిన సమయానికీ మధ్య తేడాను కాంతి వేగంతో గుణించి ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. కాంతి ఒక నానో సెకనులో 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కనుక, పది నానో సెకన్ల పొరపాటు మూడు మీటర్ల పొరపాటు అవుతుంది. ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలు ఉంటాయి గానీ ఫోన్‌లో ఉన్నది చవక గడియారమే కాబట్టి, చోటు తేల్చడానికి కావలసిన మూడు ఉపగ్రహాలకు తోడు, గడియారం తప్పును సరిచేసుకోవడానికి నాలుగవది కూడా కనిపించాలి.

ఇందులో రైతుకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఫోన్ కేవలం వింటుంది గనుక మొబైల్ సిగ్నల్ లేని పొలంలో కూడా జీపీఎస్ పనిచేస్తుంది. కాకపోతే ఉపగ్రహం తన సమాచారాన్ని సెకనుకు 50 బిట్ల వేగంతో మాత్రమే పంపుతుంది. ఒక ఉపగ్రహం తన కక్ష్య వివరాలను పూర్తిగా చెప్పడానికి అర నిమిషం పడుతుంది. నెట్ ఉంటే ఫోన్ ఆ వివరాలను క్షణంలో తెచ్చుకుంటుంది, లేకపోతే ఆరుబయట రెండు మూడు నిమిషాలు ఓపికగా నిలబడవలసి వస్తుంది. ఇంట్లోనే పొలం కొలిచే యాప్ తెరిచి, పొలం ఉన్న ప్రాంతపు మ్యాప్‌ను ముందే దించుకొని వెళితే ఈ తిప్పలు ఉండవు.

పొరపాటు రావడానికి పెద్ద కారణం ఆకాశంలోనే ఉంది. భూమి చుట్టూ ఎత్తున ఉన్న అయనోవరణం అనే విద్యుదావేశపు పొర గుండా వచ్చేటప్పుడు సంకేతం కొంత ఆలస్యమవుతుంది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన దేశం మీద ఆ పొర ఉద్ధృతి ఎక్కువ. మధ్యాహ్నం అది దట్టంగా ఉంటుంది, కొన్ని మాసాల్లో పొద్దుగూకిన తరువాత అల్లకల్లోలంగా కూడా ఉంటుంది. ఇక నేల మీద తాటి వరుసలు, మామిడి తోపు, రేకుల షెడ్డు, కొండవాలు వంటివి సంకేతాన్ని అడ్డుకుంటాయి లేదా తిప్పికొడతాయి. షెడ్డు గోడకు తగిలి వచ్చిన సంకేతం ఎక్కువ దూరం తిరిగి వస్తుంది గనుక ఉపగ్రహం ఉన్నదానికన్నా దూరంగా ఉన్నట్టు ఫోన్ భ్రమపడుతుంది. వాన కురిసి తడిసిన ఆకులు ఎండిన ఆకులకన్నా ఎక్కువగా అడ్డుపడతాయి. ఫోన్‌ను గుండెకు ఆనించి పట్టుకున్న మన శరీరం కూడా అడ్డే.

వీటన్నింటి ఫలితంగా, నెత్తిన ఏ అడ్డూ లేని చోట స్మార్ట్‌ఫోన్ సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్థంలో చోటు చూపుతుందని జీపీఎస్‌ను నడిపే అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. తెర మీద నీలి చుక్క చుట్టూ కనిపించే వలయానికి కూడా ఇలాంటి అర్థమే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్ ‘4 మీటర్లు’ అని చూపితే, మనం ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతమని అర్థం; మూడింట ఒక వంతు సార్లు మనం వలయానికి బయటే ఉండవచ్చు.

కొలవడానికి ముందు

ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి, యాప్‌కు కచ్చితమైన లొకేషన్ అనుమతి ఇచ్చి, బ్యాటరీ సేవర్‌ను ఆపివేయాలి. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత ఆండ్రాయిడ్ యాప్ తెరిస్తే ఏ దేశపు ఉపగ్రహాలు ఎన్ని వినిపిస్తున్నాయో, ఒక్కొక్కదాని బలం ఎంతో కనిపిస్తుంది. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైదూ ఉపగ్రహాలను కూడా ఇప్పటి ఫోన్లు కలిపి వాడుకుంటాయి. ఎల్1తో పాటు ఎల్5 అనే రెండవ పౌనఃపున్యాన్ని కూడా వినగలిగే ఫోన్ అయితే గోడలకు తగిలి వచ్చే సంకేతాల బెడద కొంత తగ్గుతుంది. ఇంట్లో నాలుగు ఫోన్లు ఉంటే అలాంటిదాన్నే పొలానికి తీసుకెళ్లండి.

మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ సంగతి అడిగేవారు ఉంటారు. ఇస్రో ఉపగ్రహాలు మన ప్రాంతం మీదే, 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. అయితే వాటిలో కొన్నింటి పరమాణు గడియారాలు పాడయ్యాయి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి వందవ ప్రయోగంగా వెళ్లిన నావిక్ ఉపగ్రహం ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాబట్టి ఫోన్ పెట్టె మీద నావిక్ అన్న పేరు చూసి గట్టు తగువు తీరుతుందని ఆశపడవద్దు.

ఫోన్‌ను ముందుగా ఒకసారి పరీక్షించడం మంచిది. ఊరి స్కూలు మైదానంలో క్రికెట్ పిచ్ ఉంటే చాలు. స్టంపు నుంచి స్టంపుకు 22 గజాలు, అంటే 66 అడుగులు, అంటే 20.12 మీటర్లు. ఆంధ్రా సర్వేయర్ల వంద లింకుల గొలుసు పొడవు కూడా సరిగ్గా ఇంతే కావడం యాదృచ్ఛికం కాదు. ఇంగ్లండులో పిచ్‌ను కొలిచింది ఆ గొలుసుతోనే. రెండు చివర్లలోనూ నిమిషం చొప్పున నిలబడి యాప్‌లో దూరం చూడండి. ఒకసారి 18, మరొకసారి 23 వస్తే మీ ఫోన్ స్వభావం మీకు అర్థమైనట్టే.

కొలిచే విధానం

ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపు మొదలుపెట్టండి. అయనోవరణం అప్పుడు పలుచగా ఉంటుంది, ఎండా ఉండదు. ముందు పొలం చుట్టూ ఒకసారి తిరిగి, గట్టు మలుపు తిరిగిన ప్రతి చోట ఒక కర్ర పాతండి. నాలుగు మూలలే అనుకున్న పొలంలో ఏడెనిమిది మలుపులు తేలడం మామూలే.

చాలా యాప్‌లలో గట్ల వెంబడి నడుస్తూ కొలిచే పద్ధతి, ఒక్కొక్క మూలన ఆగి బిందువు గుర్తించే పద్ధతి రెండూ ఉంటాయి. నడిచే పద్ధతి తేలికగా కనిపిస్తుంది గానీ, ఫోన్ నడక దారిని నున్నగా సాపు చేసే క్రమంలో మూలలను కత్తిరిస్తుంది, గట్టు మీద జారి పక్క మడిలో వేసిన అడుగు కూడా లెక్కలోకి వస్తుంది. స్పష్టమైన మూలలు లేని వంకర వాగు ఒడ్డు వంటి చోట తప్ప, బిందువుల పద్ధతినే వాడండి. కర్ర దగ్గర నిలబడి ఫోన్‌ను తల ఎత్తున, తెర ఆకాశం వైపు ఉండేలా చాచి పట్టుకొని, కచ్చితత్వపు అంకె తగ్గుతూ వచ్చి ఒక చోట నిలిచేవరకు, కనీసం ఒక నిమిషం ఆగిన తరువాతే బిందువు నొక్కాలి. మూల సరిగ్గా చెట్టు కింద పడితే, ఆ బిందువును నమ్మకుండా టేపుతో బయటి బిందువు నుంచి దూరం కొలిచి సరిచేసుకోవడం మేలు.

మూలలన్నీ ఒకే విడతలో, అరగంట లోపు ముగించాలన్నది అన్నింటికన్నా ముఖ్యమైన నియమం. అయనోవరణం వల్ల వచ్చే పొరపాటు కొద్ది నిమిషాల్లో పెద్దగా మారదు కనుక, అది మూలలన్నింటినీ ఒకే దిక్కుకు ఒకే మేర జరుపుతుంది. పొలం మొత్తం మ్యాప్ మీద పక్కకు జరిగినట్టు కనిపించినా ఆకారం, విస్తీర్ణం పెద్దగా చెడవు. రెండు మూలలు ఉదయం, మిగిలినవి సాయంత్రం కొలిస్తే ఈ లాభం పోతుంది. చివరి మూల తరువాత మళ్లీ మొదటి కర్ర దగ్గరకు వచ్చి మరొక బిందువు గుర్తించండి. మొదటి బిందువుకూ దీనికీ మధ్య మూడు మీటర్లకన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ విడత కొలతను పక్కన పెట్టి మళ్లీ కొలవాలి. ఇలా మూడు వేర్వేరు రోజుల్లో కొలిచి సగటు తీసుకుంటే, ఆ మూడింటి మధ్య తేడాను బట్టి మీ లెక్కను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

చదరపు మీటర్లలో వచ్చిన అంకెను 40.47తో భాగిస్తే సెంట్లు, 101.17తో భాగిస్తే గుంటలు వస్తాయి. తెలంగాణలో గుంట అంటే 33 అడుగులకు 33 అడుగులు, 121 గజాలు. అలాంటి 40 గుంటలు, లేదా వంద సెంట్లు ఒక ఎకరం.

ఎంత తప్పు ఎంత నష్టం

ఒకే మూడు మీటర్ల పొరపాటు అన్ని పొలాల్లోనూ ఒకేలా ఉండదు. చతురస్రంగా ఉన్న ఎకరం పొలం భుజం 63.6 మీటర్లు, ఒక పక్క గట్టు మూడు మీటర్లు అటు పడితే తేడా 4.7 సెంట్లు, అంటే రెండు గుంటలకు కాస్త తక్కువ. అదే ఎకరం ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవున్న సన్నని చెక్క అయితే, పొడవాటి గట్టు మూడు మీటర్లు జరిగినప్పుడు తేడా 15 సెంట్లకు చేరుతుంది. అన్నదమ్ములు పంచుకోగా మిగిలిన సన్నని చెక్కలున్న ఊళ్లలో ఫోన్ లెక్క ఎందుకు కుదరదో దీన్నిబట్టి తెలుస్తుంది. పది ఎకరాల చతురస్రంలో కూడా ఆ పొరపాటు 15 సెంట్లే గానీ, అది మొత్తంలో ఒకటిన్నర శాతం మాత్రమే. ఇక 200 గజాల ఇంటి స్థలానికి ఫోన్ అసలు పనికిరాదు. అక్కడ మూడు మీటర్ల తప్పుకు దాదాపు 46 గజాలు పోతాయి. టేపు తీసుకోండి.

అంకెల పొడవు చూసి కూడా మోసపోకూడదు. అక్షాంశంలో దశాంశ బిందువు తరువాత ఐదవ స్థానం సుమారు ఒక మీటరు, ఆరవది 11 సెంటీమీటర్లు. యాప్ ఏడు స్థానాలు చూపిందంటే అది కాగితం మీద లెక్క తప్ప ఫోన్‌కు అంత తెలుసునని కాదు. అంకెలు రాసుకునేటప్పుడు మరొక తప్పు జరుగుతుంది: 16 డిగ్రీల 30 నిమిషాల 30 సెకన్లను 16.3030 అని రాసేస్తారు. సరైనది 16.5083. ఈ తేడా నేల మీద దాదాపు 23 కిలోమీటర్లు.

ఎత్తు విషయంలో ఫోన్‌ను ఏమాత్రం నమ్మవద్దు. ఉపగ్రహాలన్నీ తల పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు కనుక ఎత్తులో తప్పు ఎప్పుడూ ఎక్కువే. పైగా జీపీఎస్ లెక్కకట్టే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, లెక్క కోసం ఊహించిన ఒక నున్నటి ఆకారం నుంచి. మన ప్రాంతంలో ఆ ఆకారం సముద్ర మట్టానికి దాదాపు 70 నుంచి 90 మీటర్లు పైన ఉంటుంది. అందుకే కొన్ని యాప్‌లు సముద్రపు ఒడ్డున నిలబడ్డా మైనస్ 70, మైనస్ 80 అని చూపుతాయి. నీరు ఎటు పారుతుందో, మెరక ఎంతో తెలియాలంటే తాపీ మేస్త్రీ దగ్గర ఉండే నీటి గొట్టమే సరైన సాధనం.

గట్టు తగువు వచ్చినప్పుడు

మ్యాప్‌లో ఉపగ్రహ చిత్రం మీద గీత గీసి, ఇదిగో నా హద్దు అని చూపడం కూడా కుదరదు. ఆ చిత్రమే నేల మీది చోటు నుంచి కొన్ని మీటర్లు పక్కకు అతికి ఉండవచ్చు. సర్వేయర్ తెచ్చే రోవర్ అనే కొలత పరికరం కూడా అవే ఉపగ్రహాలను వింటుంది, కానీ వినే తీరు వేరు. సంకేతాన్ని మోసుకొచ్చే 19 సెంటీమీటర్ల అలలో ఏ భాగం తనకు చేరిందో కూడా అది కొలుస్తుంది; చోటు ముందే కచ్చితంగా తెలిసిన శాశ్వత స్టేషన్ నుంచి సవరణలను మొబైల్ నెట్ ద్వారా అందుకుంటుంది. దాంతో పొరపాటు కొద్ది సెంటీమీటర్లకు దిగుతుంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లతో పాటు వాడినవి ఈ రోవర్లే. మీ పొలంలో రోవర్ పెట్టినప్పుడు తెర మీద ‘ఫిక్స్’ అని ఉందో, ‘ఫ్లోట్’ అని ఉందో మర్యాదగా అడిగి చూడండి. ఫ్లోట్‌లో ఉండగా తీసిన బిందువు అంత కచ్చితమైనది కాదు. చెట్ల కింద, సిగ్నల్ లేని చోట ఇది తరచుగా జరుగుతుంది.

అయినా రోవర్ చెప్పేది ఈ బిందువు ఎక్కడుందన్నదే గానీ, అది ఎవరిదన్నది కాదు. పాత ఎఫ్ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) లోనైనా, తెలంగాణలో అలాంటి కొలతల పటమైన టీపన్‌లోనైనా ఉన్నవి రాయి నుంచి రాయికి గొలుసుతో కొలిచిన దూరాలు; వాటిలో అక్షాంశ రేఖాంశాలు లేవు. కదలని పాత రాళ్లు రెండు మూడు దొరికితేనే ఆ పటాన్ని నేల మీద నిలబెట్టగలరు. అందుకే తగువు ఉన్నచోట మీ సేవలో ఎఫ్-లైన్ (హద్దులు కొలిపించుకునే) దరఖాస్తు పెట్టి, ఇరుపక్షాల సమక్షంలో కొలిపించుకోవడమే సరైన దారి.

అయితే ఫోన్ ఇక్కడ కూడా ఒక చిన్న సాయం చేస్తుంది. రాళ్లు కనిపిస్తున్న వేసవిలోనే ఒక్కొక్క రాయి దగ్గర నిలబడి అక్షాంశం, రేఖాంశం, తేదీ, కచ్చితత్వపు అంకె నోటు పుస్తకంలో రాసుకొని, రాయినీ దాని పక్కనున్న చెట్టునూ కలిపి ఫోటో తీసి పెట్టుకోండి. వరదకు ఒండ్రు మేట వేసి రాయి కనిపించకుండా పోయిన ఏడాది ఆ అంకెల దగ్గరకు వెళ్లి, అక్కడి నుంచి ఐదు మీటర్ల తాడుతో వలయం గీసి, ఫోటోలోని చెట్టును బట్టి వలయంలో ఒక పక్కను ఎంచుకొని, గడ్డపారతో అడుగడుక్కీ గుచ్చుతూ వెతకండి.