వైఫై రాకపోతే కార్డు ఏమంటోందో వినండి

పాత ల్యాప్‌టాప్‌లలో డెబియన్ అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి బడిపిల్లలకు ఇస్తుంటాను. వైఫై రాలేదని వెంటనే సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, దయచేసి. ముందు టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో, ఎల్‌ఎస్‌పీసీఐ, ఖాళీ, అడ్డగీత, కే అని కొట్టండి. వైఫై కార్డు పేరు కింద ‘కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్’ వరుస లేకపోతే కార్డును ఏ డ్రైవరూ (దాన్ని నడిపే ప్రోగ్రామూ) పట్టుకోలేదన్నమాట.

వరుస ఉన్నా పని చేయకపోతే, రూట్‌గా (అన్ని అధికారాలున్న ఖాతాతో) సిస్టమ్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ ఆదేశమిచ్చి ఫర్మ్‌వేర్ అనే మాట వెతకండి; ఫర్మ్‌వేర్ అంటే కార్డు పని చేయడానికి అందులోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్. అసలు సంగతి ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. ‘ఫెయిల్డ్ టు లోడ్’ పక్కన ఫైలు పేరు, చివర మైనస్ 2 ఉంటే ఆ ఫైలు డిస్కులో లేదు. ఇంటెల్ కార్డుకైతే ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై, రియల్‌టెక్‌కైతే ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ కావాలి. 2023లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లో ఇలాంటి ఫర్మ్‌వేర్ ఉంది, 11లో లేదు. డౌన్‌లోడ్‌కు ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ (ఫోను ఇంటర్నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇవ్వడం) పెట్టండి. ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేశాక రీబూట్ చేయండి.